రొయ్యల హాల్లో 11 డిగ్రీలు, పుస్తకంలో 4

ప్రశ్న

నెల్లూరు జిల్లా తీరప్రాంతం నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

ఆవిడకి 27 ఏళ్ళు. బీఎస్సీ చదివి, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నాలుగేళ్ళుగా పీలింగ్ హాలు సూపర్‌వైజర్‌గా చేస్తున్నారు. షిఫ్టుకి అరవై మంది ఆడవాళ్ళు ఆవిడ కింద తల తీసిన వనామీ రొయ్యలు వలుస్తారు. సగం మంది ఆవిడ ఊరివాళ్ళే, అంతా ఒకే వ్యానులో వస్తారు. వాళ్ళలో సొంత పిన్ని కూడా ఉంది. కూలి వలిచిన కండకి కిలోల లెక్కన, మేస్త్రీ చేతుల మీదుగా వస్తుంది.

గొడవ ఐసు దగ్గర మొదలైంది. మనిషికి 8 కిలోల టబ్ ఇచ్చి పైన ఫ్లేక్ ఐసు (పల్చటి రేకుల ఐసు) వేస్తారు. అది వలవడానికి దాదాపు 50 నిమిషాలు పడుతుంది. ఆడవాళ్ళు ఆ ఐసుని చేత్తో పక్కకి తోసేస్తారు, కొందరు ఏకంగా కాలవలోకి నెట్టేస్తారు. మళ్ళీ వేయించబోతే పిన్ని అందరి ముందూ అన్నదట: "ఏంది పాపా, పొద్దస్తమానం ఐసులో చేతులు బెట్టి నువ్వు వొలవగలవా? నీదేముండాది, రాసుకునే పని." కాటా దగ్గరేమో ఐసుతో తడిగా వచ్చిన కండకి తూకం వేసే అబ్బాయి 200 గ్రాముల తరుగు తీస్తాడు, ఆరిన కండకి 100 గ్రాములు. ఒక్కొక్కరు రోజుకి ఎనిమిది, పది సార్లు కాటాకి వస్తారు.

టేబుల్ మీద సరుకు ఉష్ణోగ్రత గంటకోసారి పుస్తకంలో రాయాలి, 4 డిగ్రీలు దాటకూడదు. చాలా రోజులుగా థర్మామీటరు పెట్టకుండానే, షిఫ్టు ఆఖర్లో కూర్చుని 3.8, 4, 4 అని నింపేస్తున్నానని ఆవిడే ఒప్పుకున్నారు. పోయిన వారం క్వాలిటీలో చేసే అమ్మాయి 3వ టేబుల్ దగ్గర గుచ్చి చూస్తే 11 వచ్చింది. "ఎప్పుడూ రాసేదే రాయి. ఆడిటర్ ఫైలు చూస్తాడు గానీ రొయ్యని చూస్తాడా" అన్నారట ప్రొడక్షన్ మేనేజర్. ఇంకో రెండు వారాల్లో కొనుగోలుదారు తరఫున ఆడిట్ ఉంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కాక పని రోజులు తగ్గాయి. ఇంటికి ఆవిడ జీతమే ఆధారం. గట్టిగా పట్టుకుంటే ఆడవాళ్ళు పక్క ప్లాంటు వ్యాను ఎక్కేస్తారని భయం. "మానేయనా, ఆడిటర్‌కి చెప్పేయనా, నోరు మూసుకుని ఉండనా?" అని అడుగుతున్నారు.

సమాధానం

పిన్ని అన్న మాట గురించి మీరు అరపేజీ రాశారు, 200 గ్రాముల తరుగు గురించి ఒక్క వాక్యం. అసలు ముడి ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

లెక్క వేయండి. తడి కండకీ ఆరిన కండకీ తరుగులో తేడా 100 గ్రాములు. పది సార్లు కాటాకి వస్తే రోజుకి కిలో కండ కూలి పోతుంది. నెలలో 20 రోజులే పని దొరికినా 20 కిలోలు. ఐసు ఉంచితే కూలి పోతుంది, తోసేస్తే మిగులుతుంది. చేతులు కొంకర్లు పోతున్నాయన్నదీ నిజమే, కానీ చేతుల నొప్పికి ఐసుని పక్కకి జరుపుతారు, కాలవలోకి నెట్టరు. కాలవలోకి నెట్టేది కండ ఆరాలని. మీ ప్లాంటు ఒక చేత్తో ఐసు వేయిస్తూ, ఇంకో చేత్తో ఐసు ఉంచినవాళ్ళకి జరిమానా వేస్తోంది. ఆ రెండు చేతుల మధ్య నిలబడి మీరు 4 అని రాస్తున్నారు.

అలాగని కంపెనీ తరుగు తీయడం పూర్తిగా అన్యాయమూ కాదు. వలిచిన కండ కరిగిన ఐసు నీళ్ళలో నానితే నీరు పీల్చుకుని బరువు పెరుగుతుంది, రుచి చప్పబడుతుంది. ఆ నీటికి కూలి ఇవ్వమని ఎవరూ అడగరు. కాకపోతే అది 200 గ్రాములని ఎవరు తూచారు? తూచి ఉండరు. ఎప్పుడో ఎవరో ఒక అంకె అనుకున్నారు, అదే నడుస్తోంది.

కాబట్టి ముందు తూచండి. చిల్లుల బేసిన్లు ఆరు తీసుకోండి. మూడింట్లో ఐసుతో వలిచిన కండ, మూడింట్లో ఐసు లేకుండా వలిచినది, ఒక్కోదాంట్లో 3 కిలోల దాకా వేయండి. ఐసు ముక్కలు ఏరేసి, బేసిన్‌ని వాలుగా పెట్టి, గడియారం చూసి 2 నిమిషాలు నీళ్ళు ఓడ్చి తూచండి. ఇంకో 2 నిమిషాలు ఓడ్చి మళ్ళీ తూచండి. రెండు తూకాలకీ తేడా 10 గ్రాముల లోపుంటే 2 నిమిషాలు చాలినట్టు. ఎక్కువుంటే 3 నిమిషాలు, 4 నిమిషాలు చూసుకుంటూ పొండి. ఎక్కడ ఆగిందో అదే మీ హాలుకి ఓడ్చే సమయం. ఆ సమయం అందరికీ ఒకటే అయితే తడి తరుగు, పొడి తరుగు అని రెండు ఉండనక్కర్లేదు. బేసిన్ బరువు తప్ప ఇంకేమీ తీయనక్కర్లేదని కూడా తేలవచ్చు. ఈ పరీక్షకి ముందు కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఈ ఏడాదిదేనా చూడండి, తెలిసిన బరువు రాయి ఒకటి పెట్టి సరిచూడండి. ఇదంతా ఆడవాళ్ళ కళ్ళ ముందు జరగాలి. గదిలో తూచి కాగితం అంటిస్తే మళ్ళీ అనుమానమే మిగులుతుంది.

ఇక టేబుల్ సంగతి. 11 వచ్చిందన్నారు గానీ ఎక్కడ గుచ్చితే వచ్చిందో రాయలేదు. ఐసు నీళ్ళలో మొన పెడితే ఎప్పుడు చూసినా 1, 2 చూపిస్తుంది, మనం సంతోషపడతాం. కుప్ప మధ్యలోంచి ఒక రొయ్య తీసి, కండ మందంగా ఉండే చోట మొన దిగేలా గుచ్చి, అంకె నిలబడేదాకా ఆగాలి. టేబుల్ మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో టబ్ చూడాలి. థర్మామీటరుని రోజూ షిఫ్టు మొదట్లో సరిచూడండి: గ్లాసు నిండా నలిపిన ఐసు, సందులు నిండేంత మంచినీళ్ళు, బాగా కలిపి మొన మధ్యలో పెడితే 0 చూపించాలి. అర డిగ్రీ అటూ ఇటూ పర్వాలేదు. 2 చూపిస్తే ఆ థర్మామీటరు పక్కన పెట్టేయండి.

ఇంకోటి, ఇది చాలామంది వదిలేస్తారు. సరుకు హాల్లోకి వచ్చేటప్పుడే ఎంతుందో ఒక వారం రాయండి. వాష్ ట్యాంకులో ఐసు అయిపోయి, అక్కడి నుంచే 7 డిగ్రీలతో వస్తుంటే ఆ తప్పు మీ ఆడవాళ్ళది కాదు, మీది కూడా కాదు. రోహిణి కార్తెలో వాష్ ట్యాంకు ఐసు గంటలో నీళ్ళవుతుంది. అది గమనించకుండా పీలింగ్ టేబుల్ మీద అరిచే ప్లాంట్లు ఉన్నాయి.

టబ్ సైజు మార్చండి. 8 కిలోలు 50 నిమిషాలు పడితే, అడుగున ఉన్న రొయ్య ఆ 50 నిమిషాలూ టేబుల్ మీదే ఉన్నట్టు. 3 కిలోలు ఇస్తే 20 నిమిషాల లోపే అయిపోతుంది. ఐసు వేయడం కంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది. దీనికి ఖర్చు ఉంది: టబ్‌లు అందించడానికి ఇంకో ఇద్దరు కావాలి. ఆ ఇద్దరు లేకుండా టబ్ చిన్నది చేస్తే ఆడవాళ్ళు లేచి తిరగడంతో కూలి తగ్గి, అప్పుడు నిజంగానే పక్క వ్యాను ఎక్కుతారు. టీకి, భోజనానికి లేచే పది నిమిషాల ముందే కొత్త టబ్‌లు ఆపేయండి. టేబుల్ మీద కుప్ప వదిలి భోజనానికి పోవడమే చాలా హాళ్ళలో వేడికి మొదటి కారణం. మీ 3వ టేబుల్ 11 ఏ సమయానిదో చూడండి, భోజనం తర్వాతదే అయ్యుండొచ్చు.

ఐసు ఎంత కావాలో కూడా లెక్క ఉంది. కిలో ఐసు కరిగితే 80 కిలోకేలరీల వేడి లాక్కుంటుంది. 3 కిలోల రొయ్యని 11 నుంచి 4కి దించాలంటే దాదాపు 18 కిలోకేలరీలు తీయాలి, అంటే పావు కిలోకి కాస్త తక్కువ ఐసు. హాలు గాలి, టేబుల్, చేతుల వేడి కలుపుకుంటే 3 కిలోలకి కిలో ఐసు ధారాళంగా సరిపోతుంది. అది పైన మాత్రమే కాదు, కింద సగం, పైన సగం వేయాలి. టబ్‌కి చిల్లులుండాలి, కరిగిన నీళ్ళు కిందికి పోవాలి. దిమ్మ పగలగొట్టిన ఐసు వాడకండి, దాని అంచులు కండనీ కోస్తాయి, చేతుల్నీ కోస్తాయి.

చేతుల మాటకొస్తే పిన్ని అన్నది తప్పేమీ కాదు. గ్లవ్స్ లోపల పల్చటి నూలు గ్లవ్స్ వేసుకుంటే చలి చాలా తగ్గుతుంది. అవి తడిస్తే మార్చుకోవాలి కాబట్టి మనిషికి రోజుకి మూడు జతలు కావాలి. బయట చేతులు కడిగే చోట గోరువెచ్చటి నీళ్ళు పెట్టించండి, విరామంలో రెండు నిమిషాలు చేతులు ముంచితే వేళ్ళు దారికొస్తాయి. లోపలికి వచ్చేటప్పుడు 20 పీపీఎం (లీటరుకి 20 మిల్లీగ్రాములు) క్లోరిన్ నీళ్ళలో ముంచాక మంచినీళ్ళతో కడగనివ్వండి. అది ఎగ్గొడితే చర్మం పగిలి దురద పెడుతుంది. ఎవరికైనా రొయ్య తగిలితే దద్దుర్లు లేచినా, ఆయాసం వచ్చినా అది రొయ్య పడకపోవడం కావచ్చు, వాళ్ళని డాక్టరుకి చూపించి వేరే విభాగంలోకి మార్చండి. వేలు తెగినవాళ్ళని వెంటనే టేబుల్ నుంచి తప్పించండి. రోజంతా వలిచేవాళ్ళని రెండు గంటలకోసారి గ్రేడింగ్‌కి (సైజుల వారీగా వేరు చేసే పనికి) మార్చగలరా? కూలి లెక్క అడ్డొస్తుంది, తెలుసు. గ్రేడింగ్ గంటలకి రోజు కూలి కట్టించగలిగితేనే అది కుదురుతుంది.

ఇప్పుడు పుస్తకం.

11 డిగ్రీలు అంత భయపడాల్సిన అంకె కాదు. ఆ వేడిలో ఒక గంట ఉన్నంత మాత్రాన సరుకు పారబోయాల్సినంత ప్రమాదం మామూలుగా రాదు. కండ మెత్తబడుతుంది, నల్లమచ్చ తొందరగా వస్తుంది, విరిగిన ముక్కలు పెరుగుతాయి. అయితే ఆ టబ్ 11లో ఒక గంట ఉందా, నాలుగు గంటలుందా? చెప్పగలిగింది మీ పుస్తకం ఒక్కటే, అందులో పొద్దున్నుంచీ 4 ఉంది. చిన్న తేడాని ఎంత పెద్దదో తెలియని తేడాగా మార్చింది ఆ 4. గడ్డకట్టిస్తే బ్యాక్టీరియా పెరగడం ఆగుతుంది గానీ అన్నీ చావవు, అప్పటికే పాడైన కండ బాగుపడదు.

ముందు మీ ప్లాంటు హాసప్ ప్లాన్ (సరుకుకి ప్రమాదం ఎక్కడ రావచ్చో, ఎలా ఆపాలో రాసుకున్న పద్ధతి) తెరిచి ఒకటి చూడండి: పీలింగ్ ఉష్ణోగ్రతని క్రిటికల్ కంట్రోల్ పాయింట్‌గా, అంటే తప్పితే సరుకే ప్రమాదంలో పడే మెట్టుగా పెట్టారా, మామూలు ప్రాసెస్ చెక్‌గా పెట్టారా? చాలా రొయ్యల ప్లాంట్లలో సరుకు దిగేచోట యాంటీబయాటిక్, సల్ఫైట్ పరీక్షలూ, చివర్లో మెటల్ డిటెక్టరూ క్రిటికల్‌గా ఉంటాయి, పీలింగ్ టేబుల్ ఉండదు. మీ దగ్గరా అంతే అయితే హద్దు దాటడం సర్దుకోగలిగిన విషయమే. క్రిటికల్‌గా ఉంటే మాత్రం ఆ లాటు (ఒకే విడతలో తయారైన సరుకు) ఆపాలి, దాని గతి ఏంటో రాతలో తేల్చాలి. ఏదైనా సరే, అమెరికాకి పోయే సరుకైతే అంకె చూసిన సమయంలోనే రాయాలన్నది 1997 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న వాళ్ళ సీఫుడ్ హాసప్ నిబంధనలోనే ఉంది. గడ్డకట్టిన సరుకు రికార్డులు రెండేళ్ళు దాచాలని కూడా అందులోనే ఉంది. మీరు పోయిన నెల నింపిన పేజీ ఇంకా రెండేళ్ళు బతికుంటుంది, కింద మీ సంతకంతో.

"ఆడిటర్ రొయ్యని చూస్తాడా" అన్నారు మేనేజర్. అనుభవమున్న ఆడిటర్ చూసేది మరొకటి. నెల రోజుల పేజీలు వరసగా తిప్పుతాడు. ఒకే పెన్ను, ఒకే ఒరవడి, 3.8, 4, 4. నిజంగా కొలిచిన పుస్తకంలో 2.6 ఉంటుంది, 5.1 ఉంటుంది, దాని పక్కన "ఐసు వేశాం, 20 నిమిషాలకి 3.4" అని ఉంటుంది. తర్వాత మీ హాజరు పట్టీ అడుగుతాడు. మీరు సెలవు పెట్టిన రోజు మీ సంతకం ఉందా? అందరూ భోజనానికి పోయిన ఒంటిగంటకి ఉష్ణోగ్రత ఉందా? క్వాలిటీవాళ్ళ పుస్తకంలో 11 ఉన్న గంటకి మీ పుస్తకంలో 4 ఉందా? ఈ మూడింట్లో ఒకటి దొరికినా, 11 కంటే ఆ దొరకడమే పెద్ద నేరమవుతుంది.

మీ ముందున్న దారులు చూద్దాం. ఇలాగే నింపుకుంటూ పోతే ఈ ఆడిట్ గట్టెక్కొచ్చు కూడా. రేపు ఎక్కడైనా కంటెయినర్ వెనక్కొస్తే లాటు నంబరు పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు, ఆ పేజీ దగ్గర ఆగుతారు. "రాయి" అన్న మాటకి సాక్ష్యం ఉండదు, రాసిన చేతికి ఉంటుంది.

పాత పేజీలు దిద్దేయడం ఇంకా చెడ్డది, ఆ ఆలోచన వస్తే తీసేయండి. చింపొద్దు, వైట్నర్ పూయొద్దు, కొత్త పుస్తకంలో ఎత్తి రాయొద్దు. ఇకముందు పొరపాటు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె, పొడి సంతకం, తేదీ.

మూడో దారి, నాకు అన్నిటికంటే నడవగలిగిందిగా కనిపించేది, ఈ రోజు నుంచి నిజం రాయడం, ఆ సంగతి మేనేజర్‌కీ, క్వాలిటీ హెడ్‌కీ ఒకేసారి రాతలో చెప్పడం. గొడవ మాటలు వద్దు. ఇలా చాలు: "ఫలానా తేదీన 3వ టేబుల్‌లో 11 డిగ్రీలు వచ్చింది. లాటు నంబరు ఇది. ఆ సరుకు విషయం మీరు నిర్ణయించగలరు. పీలింగ్ హాల్లో గంటకోసారి కొలవడం సరిగా జరగడం లేదు, అందులో నా లోపం ఉంది. రేపటి నుంచి కొలిచిన అంకెనే రాస్తాను. 4 దాటకుండా ఉండాలంటే 3 కిలోల టబ్‌లు, అందించడానికి ఇద్దరు, కాటా దగ్గర ఒకే ఓడ్చే సమయం కావాలి." మీ లోపం మీరే ఒప్పుకున్న వాక్యం తీసేయకండి, మిగతా ఉత్తరాన్ని నమ్మించేది అదే. దీనికి మెమో ఇచ్చే అవకాశం ఉంది, నైట్ షిఫ్టుకి మార్చే అవకాశమూ ఉంది. ఉద్యోగం పోయే అవకాశం లేదని చెప్పలేను. కానీ ఆడిట్‌కి రెండు వారాల ముందు ఇలాంటి కాగితం చేతికొచ్చిన క్వాలిటీ హెడ్ సాధారణంగా దాన్ని చించడు. తనే ఇంటర్నల్ ఆడిట్‌లో కనిపెట్టినట్టు నమోదు చేసి, దిద్దుబాటు మొదలుపెడతాడు. కంపెనీ తానే బయటపెట్టి సరిచేసుకుంటున్న లోపానికీ, ఆడిటర్ బయటికి లాగిన లోపానికీ చాలా తేడా ఉంది. పేరు తనకి దక్కితే దక్కనీయండి.

మేనేజర్‌తో విడిగా మాట్లాడేటప్పుడు నీతి మాట్లాడకండి, ఆయన లెక్కలు మాట్లాడండి. వేడెక్కిన రొయ్య విరుగుతుంది, విరిగింది బ్రోకెన్ ధరకి పోతుంది. వారం పాటు 3 కిలోల టబ్ ఒక టేబుల్‌కి, పాత పద్ధతి ఇంకో టేబుల్‌కి పెట్టి, రెంటి బ్రోకెన్ శాతం రాసి చూపించండి. ఇద్దరు మనుషుల కూలి అందులో రావొచ్చు. రాకపోతే ఆ అంకె కూడా దాచకండి.

ఆడిటర్‌కి మీరై వెళ్ళి చెప్పడం ఆఖరి మెట్టు. ఆయన అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు, "అప్పుడు సరిగా కొలవలేదు, ఫలానా రోజు నుంచి కొలుస్తున్నాం" అనండి. మీ ప్లాంటుకి బీఆర్‌సీ (ఆహార భద్రత ప్రమాణం) సర్టిఫికెట్ ఉంటే పేరు బయటపడకుండా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండి తీరాలి, నోటీసు బోర్డులో నంబరు వెతకండి. పై ఇద్దరూ ఉత్తరం చూసి కూడా "4 రాయి" అంటే అప్పుడు అది వాడండి. పుస్తకం ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి, తప్పు మీ మీదికే తిరుగుతుంది. ఏ రోజు ఎవరు ఏమన్నారో ఇంట్లో ఒక డైరీలో తేదీతో రాసుకోండి.

మానేయడమే అనుకుంటే ఈ ఉత్తరం ఇచ్చాకే మానేయండి. ముందే వెళ్ళిపోతే ఆ పేజీలకి మీ తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరు. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం చేతికి వచ్చేదాకా ఆగండి. నాలుగేళ్ళ పీలింగ్ అనుభవమున్న సూపర్‌వైజర్‌కి నెల్లూరు, ఒంగోలు వైపు పని దొరక్కపోదు, పని తగ్గిన ఈ రోజుల్లో కాస్త ఆలస్యం కావచ్చు.

ఊరివాళ్ళ గురించి ఒక మాట. వ్యానులో పిన్ని పక్కనే కూర్చుని వచ్చే మీరు, హాల్లో "ఐసు వేయి" అంటే అది మీ మాట అవుతుంది, వాళ్ళు మీతోనే పోట్లాడతారు. "200 తరుగు తీసేయిద్దాం, రా, తూచి చూద్దాం" అంటే పోట్లాట కాటాతో అవుతుంది. ఆ ఆరు బేసిన్లలో మొదటిది పిన్ని చేత వలిపించండి. ఓడ్చే రెండు నిమిషాలూ గడియారం ఆమె చేతికే ఇవ్వండి.